పెద్దల్లుడు నేసిన జానెడు

మా బాపు గురించి చెప్పాలంటే ముందు ఆయన జుట్టు గురించి చెప్పాలి. నేవీ జుట్టు. చెవి పైన చేయి పెట్టి రుద్దితే, కోసిన వరి మొదళ్ల మీద అరచేయి పెట్టినట్టు గరగరలాడేది. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా నేనూ చెల్లీ వంతులు వేసుకుని ఆ తల నిమిరేవాళ్లం. మాకది ఆట. కానీ ఆ రోజుల్లో సిరిసిల్లలో అంత పొట్టి జుట్టుతో, అంత నిటారుగా నడిచే మనిషి కనిపిస్తే జనం మాట్లాడుతున్న మాట ఆపేసేవాళ్లు. అడవిలో తుపాకులు పట్టిన అన్నలు, రోడ్డు మీద పోలీసులు ఉన్న కాలం అది. లుంగీ కట్టినా, భుజాన తువ్వాల వేసినా ఆ జుట్టు దాగదు కదా. మామూలు బట్టల్లో వచ్చిన పోలీసనే అనుకునేవాళ్లు. మా వీధిలో ఆయన అందరికీ తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. వీధి దాటితేనే కష్టం.

"అచ్చేముందు నెల దినాలు కటింగు చేపిచ్చుకోకుంటే ఏమైతది?" అనేది అమ్మ.

"వారం దాటితే అక్కడ మా పెద్దసారు కత్తెర పట్టుకొని నా ఎనకనే తిరుగుతడు" అనేవాడు బాపు.

ఆయన ఉద్యోగం నేవీ విమానాల్లో. సముద్రం మీద గంటల తరబడి తిరిగే విమానంలో, కిటికీ పక్కన కూర్చుని కింద నీళ్లను చూస్తూ ఉండాలి. తుపానుకు దారి తప్పిన చేపల పడవ ఎక్కడైనా చిన్న చుక్కలా కనిపిస్తే, అది ఎక్కడుందో నడిపేవాళ్లకు చెప్పాలి. చుట్టాలు మాత్రం "విమానం నడుపుతడు" అని చెప్పుకునేవాళ్లు. బాపు ఊరుకునేవాడు కాదు.

"నేను నడుప. నేను చూస్త."

"అంటే డ్రైవరు గాదు, కండక్టరన్నట్టు" అనేవాడు మా మేనమామ. బాపు అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

ఒకసారి మూడు రోజులుగా కనపడని పడవ ఈయన కంటికే దొరికిందట. అందులో మనిషి లేచి నిలబడి ఎర్ర గళ్ల తువ్వాల ఊపాడట. "గా తువ్వాల మన సిరిసిల్లదే అయ్యుంటది బిడ్డా, లేకుంటే అంత దూరం నుంచి గట్ల కొట్టొచ్చినట్టు కనిపిస్తదా?" అని చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే ధీమా.

మేమేమో సిరిసిల్లలోనే ఉండిపోయాం. నాయినమ్మకు మోకాళ్లు పడిపోయాయి, అమ్మ ఆమెను వదిలి రాలేదు. అందుకని బాపు ఉత్తరాల్లోనే కాపురం చేశాడు. వారానికో ఇన్లాండు కవరు. దాన్ని పెన్సిలు గీతలతో గడులుగా చేసేవాడు. నాయినమ్మకో గడి, నాకో గడి, చెల్లికో గడి. అమ్మ గడి అన్నిటికంటే పెద్దది, దాని మీద ఇంకో కాగితం మడిచి అంటించేవాడు, మేం చదవకుండా. నేను చదువులో ఎప్పుడూ అంతంతమాత్రమే, పదో తరగతి లెక్కల దగ్గరే ఆగిపోయాను. కానీ ఆ మూసిన గడి చదవడం కోసమే అక్షరాలు తొందరగా నేర్చుకున్నానని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఉత్తరాలు వచ్చేవి, మనిషే సమయానికి వచ్చేవాడు కాదు. నేను పుట్టిన ఐదో నెలలో నన్ను చూశాడు. చెల్లి పుట్టువెంట్రుకలకు లేడు. సొంత తమ్ముడి పెళ్లికి, అందరూ విస్తర్లు ఎత్తేశాక వచ్చి దిగాడు. అందుకే అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ పెళ్లి కుదిరినప్పుడు నా గడిలో ఆయన రాసిన మాట నాకు చాలా పెద్ద మాట. "ఈసారి ముందుగాలనే అస్త. పెండ్లి బంతిల నీ పక్కన కూసుంట." నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ కవరు బడికి తీసుకెళ్లి అందరికీ చూపించాను. నమ్మని పిల్లతో పోట్లాడాను కూడా.

నిజంగానే వచ్చాడు. నాయినమ్మను చిన్నాయన వాళ్లకు అప్పజెప్పి, పెళ్లికి మూడు రోజుల ముందే అందరం బయలుదేరాం.

అమ్మమ్మ వాళ్లది గొల్లపల్లి దాటాక ఒక పల్లె. జగిత్యాలలో బస్సు మారి ఎక్కాం. సగం దూరంలో పోలీసులు బస్సు ఆపి మగవాళ్లందరినీ దింపి వరసగా నిలబెట్టారు. సంచులు విప్పించారు. బాపు వంతు వచ్చినప్పుడు జేబులోంచి కార్డు తీసి చూపించాడు. అది చూసిన పోలీసు కొంచెం పెద్దవయసు మనిషి, ముందు మిలటరీలో పని చేసొచ్చాడట. కార్డు చూడగానే మడమలు దగ్గరకు చేర్చి బాపుకు సెల్యూట్ కొట్టాడు. బాపు చేయి కూడా, ఆయనకు తెలియకుండానే, టక్కున నుదుటికి వెళ్లింది.

నేను కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టాను. అమ్మ నా చేతులు పట్టుకుని కిందికి దించింది. బాపు మళ్లీ బస్సెక్కేసరికి మా ముందు సీటు ఖాళీ. అందులో ఉన్న ఇద్దరూ వెనక్కి వెళ్లి నిలబడ్డారు. వాళ్లది అమ్మమ్మ వాళ్ల ఊరే.

మేం కాళ్లు కడుక్కుని అన్నం తినేలోపే ఊరంతా తెలిసిపోయింది. ఫలానా ఇంటికి పోలీసు అల్లుడొచ్చిండు, దారిలో పోలీసులే ఆయనకు సలాం కొట్టిండ్రు. నేవీ అని తాత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఇప్పటివాళ్లకు ఇది నవ్వులాటగా అనిపించొచ్చు. అప్పుడు కాదు. పోలీసు ఉన్న ఇల్లని తెలిస్తే అన్నలు వస్తారు. అన్నలు వచ్చిన ఇల్లని తెలిస్తే పోలీసులు వస్తారు. ఎవరు వచ్చినా పెళ్లి పెళ్లిలా ఉండదు. పెళ్లికొడుకు వాళ్లది కోరుట్ల. ఏర్పాట్లు చూసుకోవడానికి వాళ్ల మేనమామ ఆ రోజే వచ్చి ఉన్నాడు. ఆయన అరుగు మీద కూర్చుని చాయ్ గ్లాసు ముట్టకుండా మా తాతతో అన్నాడు, "మా ముసలోళ్లు భయపడతరు బావా. గసొంటి ఇంట్ల రెండు దినాలు ఉండుమంటే ఎట్లుంటరు? నువ్వే చెప్పు."

తాత బాపు ముఖం చూడలేకపోయాడు. దూలం వైపు చూస్తూ అన్నాడు.

"అల్లుడా, నువ్వేమనుకోకు. జగిత్యాలల లాడ్జి ఉంది. పెండ్లయినంక నేనే కబురు పెడ్త."

"గట్లనే మామా. నాలుగింటి బస్సుకు పోత" అన్నాడు బాపు.

అంతే. నాకైతే కోపమంతా బాపు మీదే వచ్చింది. సముద్రం మీద అంత దూరం తిరిగే మనిషి ఒక అరుగు మీద ఇంత తొందరగా ఓడిపోతాడా అని. పోయి ఆయన బ్యాగు మీద కూర్చున్నాను.

"లే బిడ్డా, బస్సు పోతది."

"పోనీ."

"బంతిల నీ పక్కన చెల్లె కూసుంటది గదా."

"చెల్లె రాసిందా ఉత్తరం? నువ్వు రాసినవ్."

బాపు నా ఎదురుగా కింద కూర్చున్నాడు.

అప్పుడు లోపలి నుంచి అమ్మమ్మ మాట వినిపించింది. ఎవరితోనూ అన్నట్టు కాదు, చాటలో బియ్యంతో అన్నట్టు.

"పొమ్మంటే పోతడు తియ్. మరి బట్ట ఎవరు ముగిస్తరు?"

అరుగు మీద అందరూ లోపలి వైపు తిరిగారు. అమ్మమ్మ వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లికూతురికి కట్టే తెల్లబట్ట ఇంటి మగ్గం మీదే నేస్తారు. తాత అంతా నేసి, చివరి జానెడు మాత్రం వదిలేస్తాడు. ఆ జానెడు ఇంటి పెద్దల్లుడు నేసి, బట్టను మగ్గం మీద నుంచి కోయాలి. వేరేవాళ్లు చేయి పెట్టరు. చిన్నమ్మ బట్ట అప్పటికే మగ్గం మీద జానెడు తక్కువతో ఎదురుచూస్తోంది.

"నేసి పోతడు" అన్నాడు తాత.

"బావకు మగ్గం మీద కూసునుడు యాదుందా?" అన్నాడు మా మేనమామ. "అది విమానం గాదు బావా, నడుముకు బెల్టుండది."

బాపు గడియారం తీసి నా చేతిలో పెట్టి గుంటమగ్గంలోకి దిగాడు. గుంటలో కాళ్లు, నేల మీద నడుము. సిరిసిల్లలో నాయినమ్మ, బాపు వాళ్ల నాయిన ఇద్దరూ నేసినవాళ్లే. పదిహేడేళ్లు వచ్చేదాకా ఈయనా నేశాడు. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు. మొదటి దెబ్బకు, పోగును అటూ ఇటూ మోసే నాడె దారి తప్పి ఎగిరి గోడకు తగిలింది.

"గదో, దిగింది విమానం" అన్నాడు మా మేనమామ.

రెండోసారి పోగు తెగింది. మూడోసారి ఇంకోటి. ఈలోపు వాకిట్లో జనం చేరారు. పోలీసు మగ్గం మీద కూర్చున్నాడట అని చూడ్డానికి వచ్చారు. వాళ్లను తప్పించుకుంటూ, కర్ర పట్టుకుని కులపెద్ద లోపలికి వచ్చాడు. అరవై ఏళ్లు నేసిన చేతులు ఆయనవి. ఆ ఊళ్లో ఆయన మాట తర్వాత మాట లేదు. ఊరి తరఫున తాతకు గట్టిగా చెప్పిపోదామనే వచ్చాడని తర్వాత తెలిసింది.

మగ్గం పక్కన గొంతుక్కూర్చుని కాసేపు బాపు చేతులను చూశాడు. తర్వాత చేయి చాచి, బిగుతుగా సాగి ఉన్న పడుగు దారాల్లోంచి ఒక పోగును గోటితో టప్పున తెంపాడు. అమ్మ అబ్బా అంది.

"అతుకు" అన్నాడు.

బాపు ఆయన వైపే చూస్తున్నాడు, పోగు వైపు కాదు. వేళ్లు మాత్రం వాటంతట అవే కదిలాయి. రెండు కొసలు దొరికాయి, ఒకదాని మీదుగా ఒకటి తిరిగాయి, నాలుక తడితో ఒక్క గుంజు. ముడి ఆవగింజంత. పెద్దాయన దాని మీద వేలు రాసి చూశాడు.

"ఎవలు నేర్పిన్రు?"

"మా అవ్వ. నేవీల చేరినంక తాళ్లు ముడేసుడు నేర్పిన్రు. మొదటి దినమే గిదే ముడి. తాడు లావుగుంటది, గంతే. నేనొక్కన్నే చూడకుంట ఏసిన."

"మీ సారేమన్నడు?"

"నీ నాయిన పడవలోడా అన్నడు. లేదు సార్, మగ్గపోడు అన్న."

పెద్దాయన కర్ర ఆనించుకుని లేచాడు. వాకిట్లో వాళ్లకు వినిపించేలా తాతతో అన్నాడు, "పోలీసోడు ముడేస్తే మనిషికేస్తడు, పోగుకెయ్యడు. నీ అల్లుడు మనోడే. చాయ్ తాపియ్." చాయ్ తాగాక బాపు నేత చూసి, "ముడి మంచిగేస్తడు గని నేసుడు మాత్రం అన్యాలం" అని కూడా అన్నాడు.

నాలుగింటి బస్సు పోయింది. అది పోతున్న చప్పుడు విని నేను బ్యాగు మీద నుంచి లేచాను. బాపు జానెడు ముగించేసరికి చీకటి పడొచ్చింది.

అందరి భయమూ ఒక్క ముడితో పోయిందని చెప్పను. పెళ్లి రోజు బంతిలో బాపు నా పక్కన కూర్చున్నాడు, ఆయనకు అటు పక్క విస్తరి మాత్రం ఖాళీగానే ఉంది. వడ్డన సగం అయ్యేదాకా ఎవరూ రాలేదు. నేను కళ్లు పెద్దవి చేసి అందరి వైపూ చూస్తూనే ఉన్నాను. చివరికి కోరుట్ల మేనమామ వచ్చి, అటూ ఇటూ చూసి, ఆ విస్తరి ముందు కూలబడ్డాడు. పప్పు కలుపుకుంటూ మెల్లగా అడిగాడు.

"విమానంల అన్నం పెడ్తరా?"

"డబ్బల కట్టుకపోతం. మీదికి పోయేసరికి సల్లగైతది."

"మరి గీడ ఏడిగ తిను" అని ఆయనే బాపు విస్తట్లో ఇంకో గరిట వేయించాడు.

బాపు పింఛను తీసుకుని సిరిసిల్లకే వచ్చేశాడు. ఆ తర్వాత జుట్టు మెడ దాకా పెంచి, నూనె రాసి, అద్దం ముందు అమ్మ కంటే ఎక్కువసేపు నిలబడేవాడు. ఇంటి వాడుకలో తాడు, దారం, చెప్పు పట్టీ ఏది తెగినా ఆయనకు పండగే. ఏళ్ల తరబడి ఉత్తరాల్లో చేసిన కాపురాన్ని కొన్నేళ్లు ఇంట్లో కడుపునిండా చేసి పోయాడు. రెండేళ్లయింది.

నన్ను కూడా కోరుట్లకే ఇచ్చారు. చిన్నమ్మ ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతలే. ఈ మధ్య వేములవాడలో నా బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించి వచ్చాం. చిన్నమ్మ తన పెళ్లి బట్ట తెచ్చి నాలుగు మడతలేసి పరిచి, దాని మీద పిల్లను కూర్చోబెట్టింది. ఆ బట్టకు ఒక కొస మిగతా నేతలా ఉండదు, ఒకచోట బిగువు, ఒకచోట వదులు, అంచు వంకర. వెతికితే ఆవగింజంత ముడి కూడా వేలికి తగులుతుంది.

వారానికి పిల్ల తల మీద సన్నగా మొలకలు వచ్చాయి. చెల్లి వచ్చింది చూడ్డానికి, చిన్నమ్మ మళ్లీ అదే బట్ట పరిచి పిల్లను కూర్చోబెట్టింది. మేమిద్దరం వంతులు వేసుకుని ఆ తల నిమిరాం. అదే గరగర.

"గీ జుట్టుతోటి బయటికి తీస్కపోకు అక్కా, పోలీసనుకుంటరు" అంది చెల్లి.

"అనుకోనీ" అంది చిన్నమ్మ, బట్ట అంచు సర్దుతూ. "పెద్దల్లుడి జానెడు మీద కూసున్నది. ఎవలు లేపుతరో చూస్త."