కదపకూడని గుడ్లు

ఈమధ్య గవర్నర్‌పేటలో మా ఆఫీసు పక్క స్థలానికి మెరక కోసం ట్రాక్టరుతో ఇసుక తోలించారు. తడి ఇసుక, మధ్య మధ్య గవ్వ ముక్కలు, ఉప్పు వాసన. సముద్రపు ఇసుకని ఇంత దూరం ఎవరు తెచ్చారో గానీ, ఆ వాసనకి రజియా టీచర్‌గారు గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే ఆ ట్రాక్టరు ఇక్కడిదాకా వచ్చేది కాదు.

తొంభైల చివర్లో నా డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం నన్ను ఇంకా వెతుక్కుంటోంది. చల్లపల్లిలో లెక్కలు చెప్పి రిటైరైన రజియా టీచర్‌గారు, నాగాయలంక అవతలి తీరంలో తాబేళ్ల గుడ్లు కాపాడటానికి మనుషులు కావాలంటే వెళ్లాను. జీతం లేదు, భోజనం ఉందన్నారు. మొత్తం నలుగురం. సముద్రపు తాబేలు ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. కుక్కలూ నక్కలూ చూడకముందే మేం ఆ జాడ పట్టి, గుడ్లు తీసి, కంచె లోపల మళ్లీ పాతాలి. పెట్టిన కొద్ది గంటల్లోనే ఇదంతా అయిపోవాలి. ఆలస్యంగా కదిపితే లోపల పిల్ల చచ్చిపోతుంది. మా పని పూర్తయ్యేసరికి సూర్యుడు వచ్చేవాడు. ఆవిడ ఆయన్ని కూడా క్లాసుకి ఆలస్యంగా వచ్చినవాణ్ణి చూసినట్టే చూసేవారు.

జాడల కోసం తీరం వెంట నా వంతు నడవాల్సిన ఒక తెల్లవారుజామున నేను నిద్రపోయాను. కారణాలు చాలా చెప్పగలను, అన్నీ నిద్రే. మర్నాడు వెళ్తే ఆరిపోయిన జాడ, దాని చివర గుంట. తిడతారనుకున్నాను. ఆవిడ ఇసుక మీద చెయ్యి ఆనించి చూసి, "నువ్వు నిద్రపోయావు, సరే. ఇక వీటిని కదపకూడదు. కాబట్టి మనమూ కదలం," అన్నారు. ఆ 'మనం'లో నేనూ ఉన్నానని కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

మా తాటాకు పాక ఆ గుంట పక్కకి మారింది. నెలన్నర దాటి, పిల్లలు నేడో రేపో బయటికి రావాల్సిన సమయంలో, అవతలి దిబ్బ మొత్తం తవ్వేసిన ఇసుక ట్రాక్టరు ఒక ఉదయం మావైపు తిరిగింది. డ్రైవరు నాంచారయ్య మర్యాదస్తుడే. ఇది పంచాయతీ ప్రెసిడెంటుగారి పనని, కాస్త పక్కకి జరగమని చెప్పాడు. టీచర్‌గారు పాకలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గుంట ముందు కూర్చున్నారు.

"కాగితం ఉందా నాయనా?"

"కాగితం ఎందుకండీ, అందరికీ తెలిసిందేగా."

"నాకు తెలీదుగా. లెక్కల టీచర్ని, రాసి చూపిస్తేనే నమ్ముతాను."

అతను ట్రాక్టరు ముందుకి పోనిచ్చాడు. చక్రం ఆవిడ చెప్పులకి జానెడు దూరంలో ఆగింది. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. ధైర్యం అనుకోకండి, కాళ్లు రాలేదంతే. చివరికి ట్రాక్టరు ఖాళీగా వెళ్లింది. మర్నాడూ వచ్చింది. మర్నాడూ ఆవిడ అక్కడే ఉన్నారు.

మూడో రోజు సూర్యుడు నీళ్లలోంచి లేస్తుండగా గుంట మీది ఇసుక కుంగింది. ఒక నల్లటి తల, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత లెక్కల టీచరు కూడా లెక్కపెట్టడం మానేసినన్ని. అగ్గిపెట్టెంత పిల్లలు చక్రాల జాడల్లో పడుతూ లేస్తూ వెలుగువైపు పాకాయి. అప్పుడే వచ్చిన నాంచారయ్య ఇంజను ఆపి, దిగి నిలబడ్డాడు. చివరిది అలలో కలిశాక మెల్లగా అన్నాడు.

"అయిపోయింది కదండీ టీచర్‌గారూ. ఇక లేవండి. ఇక్కడింకేం లేవు."

టీచర్‌గారు లేచి, చీరకంటిన ఇసుక దులుపుకుని, మళ్లీ అక్కడే కూర్చున్నారు.

"వచ్చే ఏడు పెడతాయి," అన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ధైర్యమనేది నాకు ఇప్పటికీ పెద్దగా అబ్బలేదు. కానీ ఎవరైనా పక్కకి జరగమంటే ముందు కాగితం అడుగుతాను. వాళ్లు అది వెతికేలోపు కూర్చుంటాను.