ముత్తంగి పేజీలో లేని ఊరు

మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. "సార్, ఇంద్రేశం నుంచి ముత్తంగికి దారున్నదని ఒకపారి రాసినం గద. ముత్తంగి నుంచి ఇంద్రేశంకు మళ్ల ఎందుకు రాయాలె?" సంగారెడ్డిలో ఇంజనీరింగ్ పిల్లలకు గ్రాఫులు చెబుతుంటాను. ఊళ్ళను చుక్కలుగా, వాటి మధ్య దారులను గీతలుగా కంప్యూటర్‌కు అప్పజెప్పే విద్య అది. ఉదాహరణలకు మా చుట్టుపక్కల ఊళ్ళే వాడతాను. జవాబు నోటిదాకా వచ్చింది గానీ, దానికంటే ముందు మా మేనమామ గుర్తొచ్చాడు.

మామ జిన్నారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో బస్సుల పని చూసేవాడు. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు ఏ బస్సు ఏ దారిన రావాలో ఆయన చెప్పిందే మాట. ఆయన చేతిలో అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటుండేది. ఒక్కో స్టాపుకు ఒక్కో పేజీ. అక్కడి నుంచి బస్సు నేరుగా ఎక్కడెక్కడికి పోగలదో కింద వరుసగా రాసుకున్నాడు. దీన్నే మేము అడ్జసెన్సీ లిస్టు అని పేరు పెట్టి పరీక్షలో అడుగుతాం. మామకు ఆ పేరు తెలియదు. ఆయన పేజీలకు టీ మరకలూ తంబాకు వాసనా అదనం.

కొత్తగా వచ్చిన మేనేజరు ఇదంతా కంప్యూటర్‌లోకి ఎక్కాలన్నాడు, చేతకాకపోతే ఆ పనికి వేరే మనిషిని పెడతానన్నాడు. మామ నన్ను పిలిచాడు. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, తెలివికి మాత్రం లోటు లేదు. నోటుబుక్కు తిరగేసి నవ్వాను. దాదాపు ప్రతి దారినీ రెండు పేజీల్లో రాశాడు.

"పోయే తొవ్వ వేరు, వచ్చే తొవ్వ వేరురా. జెర చూసి ఎక్కియ్" అన్నాడు.

నేను చూడలేదు. ఒక్కో దారిని ఒక్కసారే ఎక్కించి, అన్నీ రెండువైపులా నడిచేవేనని ప్రోగ్రాముకు చెప్పేశాను. సగం పని తప్పిందని మురిసిపోయాను కూడా. ఇంద్రేశం పేజీలో ముత్తంగి ఉంది, ముత్తంగి పేజీలో ఇంద్రేశం లేదు. మామ మర్చిపోయాడనుకున్నాను.

ఆయన మర్చిపోలేదు. రింగురోడ్డు పక్కన ఆ చిన్న దారి ఒకవైపుకే. మొదటి రోజు నా ప్రోగ్రాము చెప్పినట్టే బస్సు ముత్తంగి నుంచి అందులోకి దిగింది, ఎదురుగా లారీలు వరసకట్టాయి. ముందుకూ లేదు, వెనక్కీ లేదు. షిఫ్టుకు రావాల్సినవాళ్ళు ఏడున్నర దాకా బస్సులోనే కూర్చున్నారు, దిగిపోవాల్సినవాళ్ళు మిషన్ల దగ్గరే నిలబడ్డారు.

మేనేజరు మా ఇద్దరినీ పిలిపించాడు. నేను నోరు తెరిచేలోపు మామ అన్నాడు, "నా బుక్కులనే తప్పున్నది సార్. పిలగాడు ఉన్నది ఉన్నట్టు ఎక్కిచ్చిండు."

ఆయన జీవితంలో తప్పు లేనిది ఏదైనా ఉంటే ఆ నోటుబుక్కే. నేను నేల చూస్తూ నిలబడ్డాను. మామను గేటు దగ్గర బండ్ల నంబర్లు రాసుకునే పనికి మార్చారు, అక్కడే రిటైరయ్యాడు. ఆ ప్రోగ్రామును సరిదిద్ది, అదే చూపించి నేను మొదటి ఉద్యోగం సంపాదించాను. కనిపించినప్పుడల్లా "నౌకరి మంచిగున్నదా?" అని అడిగేవాడు, ఇంకేమీ అడిగేవాడు కాదు. తప్పు నాదేనని చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటూ పదేళ్ళు చుట్టుదారినే తిరిగాను. పోయినేడు మామ పోయాడు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అమ్మాయికి బోర్డు మీద రెండు చుక్కలు పెట్టి, మధ్యన ఒక్క బాణం గీసి, ఇటు దారి ఉన్నంతమాత్రాన అటు ఉన్నట్టు కాదని చెప్పాను. మామ ఉన్న రోజుల నుంచి ఈ రోజుకు దారి ఉంది, ఈ రోజు నుంచి అక్కడికి లేదు.