కుప్పంలో మిగిలిన యుద్ధం

నిప్పులో పుట్టిన తల్లి ద్రౌపదమ్మకు మొదటి దండం. కొలువులో ఉన్నా, అడవిలో ఉన్నా మాట తప్పని ధర్మరాజుకు దండం. అయిదుగురి వెనకా నిలబడి, ఎవరికీ కనపడకుండా కాపు కాసిన కృష్ణస్వామికి వేయి దండాలు. ఇందులో మంచి మాట ఏదైనా ఉంటే అది ఆయనది, తొందరపాటు ఉంటే అది నాది.

తొందరపాటు నాకు పుట్టుకతో వచ్చింది. తొంభైలలో మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు ఒక భజన మందిరంలోనే ఉండేవాణ్ణి. శనివారం భజన, మిగతా సాయంత్రాలు భారతం. ఒకరు పద్యం చదివితే ఇంకొకరు అర్థం చెప్పేవారు. నాకు చదివే పని ఇచ్చారు. నిదానం వచ్చాక అర్థం చెబుదువులే అన్నారు. ఆ తర్వాత పుంగనూరు దగ్గర మా ఊళ్ళో, వేసవిలో ద్రౌపదమ్మ కొలువున్న ధర్మరాజుల గుడి ముందు జరిగే భారతానికీ నేనే పద్యం చదివేవాణ్ణి. మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం, చివరి రోజు పొద్దున దుర్యోధనుడి వధ, సాయంత్రం అగ్నిగుండం. నిప్పు తొక్కే మొక్కు ఉన్నవాళ్ళు మొదట్లోనే చేతికి పసుపు కంకణం కట్టించుకుంటారు. కంకణం ఉన్నంతకాలం ఊరి పొలిమేర దాటకూడదు. మాంసం ముట్టకూడదు, జీవహింస చేయకూడదు.

మా అక్కను కుప్పం ఇచ్చాం. బావ రాయి పాలిష్ పట్టే షెడ్డులో మేస్త్రీ. రెండువేల దశకం చివర్లో ఒకసారి బెంగళూరు వెళ్ళి వచ్చేటప్పుడు, ఎవరో వాడి అమ్మేసిన వీడియో గేమ్ మిషన్ ఒకటి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దానితో వచ్చింది ఒకే ఒక డిస్కు. అందులో యుద్ధం. తాతల కాలంలో ఐరోపాలో జరిగిన యుద్ధంలాగే ఉంటుంది గానీ అది కాదు. ఏ పటంలోనూ లేని ఒక చిన్న దేశం, దాన్ని రెండు వైపుల నుంచి నొక్కుతున్న రెండు పెద్ద రాజ్యాలు. చిన్న దేశానికి సైన్యం చాలక రొట్టెలు చేసేవాళ్ళూ బడిపంతుళ్ళూ తుపాకులు పట్టుకుంటారు. గబగబా కాల్చుకుంటూ పోయే ఆట కాదది. చదరంగంలాగా ఒక వంతు మనది, ఒక వంతు శత్రువుది. మన వంతులో ఎవరిని ఎక్కడికి నడిపించాలో కూర్చుని ఆలోచించుకోవాలి. ఒక్కో సైనికుడికి పేరుంది, ఊరుంది, భయముంది. ఎవరైనా దెబ్బ తిని పడిపోతే రెండు వంతులలోగా మనవాళ్ళలో ఒకరు చేరుకోవాలి. చేరుకుంటే బతుకుతారు. లేదంటే ఆట చివరిదాకా ఇక కనిపించరు.

మాటలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. అందుకని ఆదివారాలు నేను కుప్పం వెళ్ళేవాణ్ణి. తెర మీద మాటలు నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, ఆడేది బావ. మందిరంలో రాని అర్థం చెప్పే పని నాకు అక్కడ దొరికింది.

"ఇది ఎప్పుడు జరిగిండాది?" అని మొదటి ఆదివారమే అడిగాడు బావ.

"జరగలేదు బావా. జరిగుంటే ఎట్లుంటుందని రాసినారు."

"జరగనిదానికే ఇంత ఏడిపిస్తాండారు. జరిగుంటే మనల్ని బతకనిస్తారా?"

ఆ సైన్యంలో ఉత్తరాలు పంచే అమ్మాయి ఒకతె ఉండేది. మంచు వంతెన మీద నుంచి సంచీ భుజాన వేసుకుని పరుగెత్తేది. బావకు ఆ పిల్లంటే ప్రాణం. ఆమెను ఎప్పుడూ వెనక వరుసలోనే ఉంచేవాడు. "సూడు బామ్మర్దీ, ఈ పాప ఇంటికి పోవల్ల. మిగిలినోళ్ళ సంగతి దేవుడు సూసుకుంటాడు" అనేవాడు.

ఆ ఏడాదే అక్క మదనపల్లె ఆసుపత్రిలో కాన్పుకు చేరింది. కాన్పు కష్టమైంది. వరండాలో నేను విష్ణుసహస్రనామం చదువుతున్నాను, వరుస తప్పుతున్నాను, మళ్ళీ మొదటికి వస్తున్నాను. బావకు ఏ స్తోత్రమూ రాదు. గోడ వైపు తిరిగి, "తల్లీ, ఇద్దరినీ ఇడిసిపెట్టు. మీ ఊరి గుండం తొక్కుతా" అన్నాడు. అంతే అన్నాడు. ఇద్దరూ బయటపడ్డారు. ఆడపిల్ల పుట్టింది.

వేసవి వచ్చింది. బావ, అక్క, పాప మా ఊరికి వచ్చారు. గుడికి పెద్ద మా పెదనాన్న. ఆయన చేతుల మీదుగానే బావకు కంకణం కట్టారు. చివరి రోజుకు ముందు రోజు, హరికథ మొదలు కాకముందు అరుగు మీద కూర్చుని బావ నాతో మామూలుగా చెప్పినట్టే చెప్పాడు. "బామ్మర్దీ, ఆ పోస్టు పాప పడిపోయింది. నేను ఈడికి బయలుదేరే ముందర ఒక వంతు ఆడినా. ఇంగొక వంతే మిగిలిండాది. బస్సుకు టైమైందని అట్లే ఆపి పెట్టి వచ్చేసినా."

వెనక నుంచి పెదనాన్న విన్నాడు. "ఎవురు పడిపోయింది? ఏ పాప?"

బావ నవ్వుతూనే చెప్పాడు. ఆట అన్నాడు, టీవీలో యుద్ధం అన్నాడు, మనం కాలిస్తే వాళ్ళు పడతారు, వాళ్ళు కాలిస్తే మనోళ్ళు పడతారు అన్నాడు. పెదనాన్న మొహం మారింది.

"అల్లుడా, యుద్ధం సగంలో పెట్టుకొని నా దగ్గర చెయ్యి సాపినావా? ఆడ ఒక ఆడబిడ్డ పడిపోయుంటే ఈడ కంకణం కట్టించుకుంటివా?"

"అది బొమ్మ మామా!"

"మనం మట్టితో చేసే దుర్యోధనుడూ బొమ్మే. వాని తొడ ఇరగ్గొట్టేటప్పుడు ఊరంతా యాల ఏడుస్తాది? రేపు నిన్ను గుండంలోకి పంపేది నాకు కుదరదు. ఏమైనా అయితే మా బిడ్డకు ఏమి సమాధానం చెప్పేది?"

బావ నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. "నువ్వు చదివినోడివి. చెప్పు బామ్మర్దీ, తొక్కచ్చా, కూడదా?"

నాకు పద్యాలు నోటికి వచ్చు. ధర్మవ్యాధుడి కథ వచ్చు, యక్షుడు వేసిన ప్రశ్నలు వచ్చు. దీనికి మాత్రం ఏదీ అతకలేదు. ఆట హింస కాదని అనబోతే, ఆ పిల్ల పడిపోయిందని విన్నప్పుడు నా గుండెలో కలుక్కుమన్నది గుర్తొచ్చింది. హింసేనని అనబోతే, బావ వరండాలో గోడకు చెప్పుకున్న మాట గుర్తొచ్చింది. మొక్కు చెల్లించకపోతే అది పాప మీదికి వస్తుందని మా అక్క అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అరుగు దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను.

చివరికి భాగవతారు దగ్గరికి వెళ్ళాం. కథ చెప్పడానికి పెద్దతిప్పసముద్రం వైపు నుంచి వచ్చే పెద్దాయన. తాంబూలం నములుతూ ఆట సంగతి మొత్తం విన్నారు. ఏ దేశం, ఎవరు మంచివాళ్ళు, ఎవరు ముందు కయ్యానికి దిగారు, అన్నీ అడిగారు. పెదనాన్న విసుక్కున్నాడు. ఆయన పట్టించుకోలేదు.

"మన భీముడి వేషగాడికి కంకణం ఉంటుందా, ఉండదా?" అన్నారు.

"ఉంటుంది సామీ" అన్నాడు పెదనాన్న.

"కంకణంతోనే గదా గద ఎత్తేది? వేషంలో చేసింది వేషానికే పోతాది. తలకు పసుపునీళ్ళు పోసుకొని, కొత్త దారం కట్టించుకొని గుండం తొక్కుతాడు. ఈయనదీ అంతే. అయితే ఒకటి. గజ్జె కట్టినోడు వేషం ముగించకుండా గజ్జె ఇప్పకూడదు. సగం వేషంతో గుండం దగ్గరికి రాకూడదు. ఆ యుద్ధం ముగించి రావల్ల."

"గెలవల్లనా సామీ?" అన్నాడు బావ.

"దుర్యోధనుడి వేషం గెలుస్తాదా? ముగియల్ల, అంతే."

"నేను పొలిమేర దాటకూడదే. మిషనేమో కుప్పంలో ఉండాది. ఈడికి తెచ్చినా ఈ కరెంటుకు కాలిపోతాది."

భాగవతారు నా వైపు చూశారు. "వేషగాడు లేవలేకపోతే ఆయన గజ్జె బావమరిది కట్టుకొని ఆడేది మన వాడుకే."

చివరి రోజు తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరాను. పలమనేరులో బస్సు మారాను. దారి పొడుగునా కాలు ఆడిస్తూనే ఉన్నాను. పక్కనాయన "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. ఏం చెప్పను? నేను ఆ ఆట ఎప్పుడూ చేత్తో ఆడలేదు. చదవడమే తెలుసు. సాయంత్రం నిప్పు తొక్కడం మొదలయ్యేలోగా నేను వెనక్కి చేరకపోతే పెదనాన్న బావను వరుసలో నిలబెట్టడు. ఫోన్‌లో చెప్పిన మాట ఒప్పుకోనని ముందే అన్నాడు. ముగించినవాడు ఎదురుగా నిలబడి చెప్పాలి.

కుప్పం ఇంట్లో బావ వాళ్ళమ్మ మాత్రమే ఉంది. టమాటాలు తరుగుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమి నాయనా, ఊళ్ళో అంత పండగ పెట్టుకొని టీవీ సూసేకి వచ్చినావా?"

"మొక్కు పని మీద వచ్చినా అత్తా."

"టీవీలో మొక్కా! మీ ఊరి దేవుడు మా ఊరి కేబులోడి కన్నా మొండోడు మాదిరుండాడే" అంటూనే కత్తిపీట పక్కకు జరిపి వచ్చి నా వెనక కూర్చుంది.

మిషన్ వేశాను. తెర మీద మంచు, విరిగిన వంతెన. వంతెనకు ఇవతల మా గుడారం, అవతల శత్రువుల జెండా. వంతెన నడుమ ఆ పిల్ల బోర్లా పడి ఉంది, పక్కన సంచీ. ఉత్తరాలు గాలికి కదులుతున్నాయి. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే మనసులో గుచ్చుకుంది. లేని మనిషి కోసం దేవుణ్ణి అడగవచ్చా? అభిమన్యుడి పద్యాలు చదివేటప్పుడు ఏటా కండువాతో కళ్ళు తుడుచుకుంటాను కదా, అది ఎవరి కోసం? జవాబు రాకముందే చేతులు బొత్తాల మీదికి వెళ్ళాయి.

ఒక మూల 'విరమించు' అనే అర్థం వచ్చే మాట ఉంది. అది నొక్కితే యుద్ధం అక్కడికక్కడే అయిపోతుంది. ఓడినట్టు. భాగవతారు చెప్పిన ప్రకారం అదీ ముగింపే. మధ్యాహ్నం బస్సు ఖాయంగా దొరుకుతుంది. నా వేలు దాని మీద ఆగింది. కానీ బయలుదేరేటప్పుడు బావ నా చెయ్యి పట్టుకుని, "ఆ పాపను ఇడిసిపెట్టి రావద్దు" అన్నాడు. వేలు తీసేశాను.

రొట్టెలు చేసే ఆయన్ను ముందుకు నడపబోతే పక్కకు పోయి గోడకు గుద్దుకున్నాడు. పంతుల్ని పంపితే గుంటలో కూర్చున్నాడు.

"ఆ పిల్ల నడుమ పడిపోయుంటే ఈళ్ళు గోడల ఎంబడి యాల తిరుగుతాండారు?" అంది అత్త.

"తిప్పేది నేనే అత్తా."

"అట్లనా! నీ మిందనా మావాడు నమ్మకం పెట్టుకునింది? గుడారం కాడ ఊరికే నిలబడుకొని ఉండాడే, ఆ పొడుగోణ్ణి పంపు."

ఆ పొడుగువాడు మా గుడారానికి కాపలా. వాణ్ణి తీస్తే వెనక ఖాళీ, గుడారం పోతే యుద్ధం పోయినట్టే. ఇంకెవరికీ అంత దూరం పరుగు మిగల్లేదు. తీశాను. వాడు మంచులో పరుగెత్తాడు. తూటాలు వచ్చాయి. వంగాడు, లేచాడు, ఆ పిల్లను చేరుకున్నాడు. వైద్యుడు వచ్చి ఎత్తుకుని వెళ్ళాడు. "అమ్మయ్య!" అంది అత్త, కన్నకూతురు పురిటిగండం దాటినట్టు.

తర్వాతి వంతు శత్రువుది. ఖాళీగా ఉన్న మా గుడారంలోకి నడిచి వచ్చి మా జెండా దించేశారు. ఓడిపోయామని తెర చెప్పింది. ఆ వెంటనే ఆట తనంతట తానే వెనక్కి, బావ ఆపి పెట్టిన చోటికే వెళ్ళింది. మంచు, విరిగిన వంతెన, నడుమ బోర్లా పడిన ఆ పిల్ల, గాలికి కదులుతున్న ఉత్తరాలు.

"ఇదేంది నాయనా! మళ్ళా పడిపోయుండాదే?"

ఓడిన యుద్ధాన్ని ఆట గుర్తుపెట్టుకోదని ఆమెకు చెప్పాను. చెబుతూ ఉంటే నాకే అయోమయమైంది. ముగిసిందా, ముగియలేదా? గడియారం చూశాను. ఇంకో మారు ఆడితే బస్సు పోతుంది. ఆడకుండా వెళ్తే పెదనాన్నకు ఏం చెప్పాలి? అబద్ధం చెప్పలేను, కంకణం మీది మాట అది. నిలబడ్డాను, కూర్చున్నాను. అత్త ఒక చెంబు మజ్జిగ నా చేతిలో పెట్టి, "తాగి పో. ఏమి జరిగిందో అదే చెప్పు" అంది.

మా ఊరి మలుపులో బస్సు దిగేసరికి ఎండ వాలుతోంది. గుడి ముందు నిప్పులు పరిచి కొట్టి సర్దుతున్నారు. అటువైపు, నిప్పు దాటినవాళ్ళు కాళ్ళు పెట్టే పాలగుంట సిద్ధంగా ఉంది. పసుపు బట్టలతో వరుస కట్టినవాళ్ళకు దూరంగా, గుడి గోడ పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు బావ. నన్ను చూడగానే పెదనాన్న, భాగవతారు దగ్గరికి వచ్చారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్ల లేచింది. మేం ఓడిపోయాం. ఓడిపోయాక పిల్ల మళ్ళీ అక్కడే పడి ఉంది.

పెదనాన్న భాగవతారు వైపు చూశాడు. ఆయన గొంతు కథ చెప్పీ చెప్పీ అప్పటికే బొంగురుపోయి ఉంది. "నాటకంలో అభిమన్యుడు మొన్న చచ్చినాడు. వచ్చే ఏడాదికి మళ్ళా వచ్చి పద్మవ్యూహం ముందర నిలబడుకుంటాడు. అందుకని ఈ ఏటి భారతం ముగియలేదంటామా? పసుపునీళ్ళు పొయ్యండి ఆయనకు."

పెదనాన్న తానే బిందె ఎత్తి బావ తల మీద పోశాడు, కొత్త దారం కట్టాడు. "పో అల్లుడా. కిందికి సూడొద్దు, తల్లిని సూడు" అన్నాడు.

బావ వరుసలోకి వెళుతూ నా భుజం గుద్దాడు. "ఎవుర్ని పంపితివి?"

"గుడారం కాపలావాణ్ణి."

"నేనూ వాణ్ణే పంపుదును" అని కదిలాడు.

అక్క పాపను ఎత్తుకుని నా పక్కనే నిలబడింది. ఆమె పెదవులు ఆడుతున్నాయి. నా పెదవులకు ఏ పద్యమూ రాలేదు. బావ నిప్పులోకి అడుగు పెట్టాడు. పరుగెత్తలేదు. షెడ్డులో తడి రాయి మీద నడిచేవాడిలా నిదానంగా నడిచి, అటువైపు పాలగుంటలోకి దిగాడు. అక్క పరుగున వెళ్ళి పాపను ఆయన చేతికిచ్చింది. నేను మాత్రం నిప్పులకు ఇవతలే ఉండిపోయాను. కాళ్ళు ఒకచోట నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాను. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే అలాగే తిరుగుతాను.

చదువుతున్న అమ్మల్లారా, అయ్యల్లారా, ఒక్క నిమిషం నాతో కలిసి చేతులు జోడించండి. తల్లీ ద్రౌపదమ్మా, ఏ స్తోత్రమూ రానివాడి మొక్కు విన్నావు. అన్నీ నోటికి వచ్చిన నాలాంటివాడికి నిదానం ఇవ్వు. ఈ వేసవిలో నీ ముందు నిప్పు మీద కాలు పెట్టే ప్రతి ఒక్కరినీ, ఇవతల నిలబడి వాళ్ళనే చూస్తున్న ప్రతి ఒక్కరినీ కాపాడు తల్లీ.