పేరు పెట్టని కందిరీగ

"మీ మేస్టారు ఎల్లిపోనారమ్మా. టీ అడిగినారు, తెచ్చేసరికి లేరు" అని మేస్టారి భార్య అమ్మగారు ఫోన్లో చెప్పారు. విజయనగరంలో నా క్లాసు బయట వరండాలో నిలబడి విన్నాను. లోపల పిల్లలు గోల చేస్తున్నారు. కసరబుద్ధి కాలేదు.

మా జువాలజీ మేస్టారిది శృంగవరపుకోట. ఆయన గది కిటికీ చువ్వలకి గాజు గొట్టాలు వేలాడేవి. ఒక్కోదాన్లో ఆకుముడత పట్టిన వరి ఆకు, అందులో పురుగు, మూతికి పల్చటి గుడ్డ. కొన్ని పురుగుల ఒంట్లో చేలోనే కందిరీగ గుడ్డు పెట్టి పోయుంటుంది. దాని పిల్ల పురుగుని లోపల్నించి తినేసి, తెల్లటి గూడు అల్లుకుని, ఒకనాడు రెక్కలతో బయటికొస్తుంది. నువ్వుగింజంత ఉంటుంది. మధ్యాహ్నం వెలుతురులో గొట్టాలు మెరుస్తుంటే మేస్టారు పడక్కుర్చీలో సగం కళ్ళు మూసుకుని కనిపెట్టుకునుండేవారు. ఆ గదిలో కూర్చుంటే నిద్రో మెలకువో నాకూ తెలిసేది కాదు.

వాటిలో ఒక రకం మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నడుముకి పసుపు పట్టీ, రెక్కలో ఒక ఈనె తక్కువ. కొత్త జాతే, పేరు పెట్టేయండని నా పోరు.

"అన్నీ ఆడవే వస్తన్నాయి కదే. ఈ గుంపులో మగదాన్ని సూస్తే గానీ జాతి తేలదు. పెళ్ళికొడుకు లేకుండా శుభలేఖలు అచ్చేయిస్తావేటి?"

నాకు ఒళ్ళు మండేది. మగవే లేని జాతులూ ఉంటాయి. ఈయన చూస్తే పెద్దవారైపోతున్నారు. ఆ పేరు ఆయన చేత్తోనే పెట్టాలని నా ఆశ. ఆయనకీ ఆశే. కొత్తది బయటికొచ్చినప్పుడల్లా తాగుతున్న టీ పక్కన పెట్టేసి భూతద్దం అందుకునేవారు. "మళ్ళీ ఆడదే" అని గొట్టం నాకందించేవారు. మనవడి కోసం మొక్కుకునే అత్తగారిలా ఉన్నారు మేస్టారూ, అని వెక్కిరించేదాన్ని.

చంపి దాచడానికి స్పిరిట్‌లో వేసే ముందు ప్రతిదానికీ దారప్పోగు తేనెలో ముంచి లోపలికి దించేవారు. "మనింటికొచ్చిన పాణమే. తిండెట్టకుండా పంపకూడదు." అది తాగి, కాళ్ళతో మీసాలు తుడుచుకునేదాకా ఆగేవారు. నేనూ నా క్లాసు పిల్లలకి అదే నేర్పాను.

పెద్దకర్మ నాడు ఇల్లు కడిగినవాళ్ళు గొట్టాలు పారేయబోతే అమ్మగారు పడనివ్వలేదట. పోయే ముందు చేలోంచి తెచ్చుకున్నవి కదా, ఉండనీండి అన్నారట. భోజనాలయ్యాక ఆ గదిలోకి వెళ్ళాను. ఒక గొట్టంలో గూడు లోపల్నించి కోసి ఉంది, పైన గాజు మీద కందిరీగ. అదే పసుపు పట్టీ. వెనకాల గుడ్డు పెట్టే సూది లేదు. మీసాలు ఒంటికంటే పొడుగు.

మగది.

"మేస్టారూ" అంటూ కుర్చీ వైపు తిరిగాను. తిరిగాక గుర్తొచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏటమ్మా?" అంటూ అమ్మగారు వచ్చారు. చెప్పాను. గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు. "ఇప్పుడొచ్చినావా నాయనా" అని దాన్నే అడిగి, వంటింట్లోంచి తేనెసీసా తెచ్చారు.

స్పిరిట్ బుడ్డి మూత తీసి పక్కన పెట్టుకుని దారప్పోగు దించాను. అది గాజు మీంచి నెమ్మదిగా దిగొచ్చి తాగడం మొదలెట్టింది. మేమిద్దరం దాన్ని తొందరపెట్టలేదు.