దేవదానం సార్ జపాను రాకెట్టు

వేలూరు బాగాయంలో మా ఇంటి వంటగదిలో, ఆదివారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోనులో వీడియో తెరిచాను. జపాను భాషలో అంకెల్ని వెనక్కి లెక్కపెడుతున్న గొంతు, ఆ వెంటనే చిటపటలాడుతూ పగిలే ఉరుము. ఇటుకరంగు ఒళ్ళు, దాని పక్కన తెల్లటి బూస్టర్లు. హెచ్-టూ-ఏ రాకెట్టు యాభయ్యోసారి ఎగిరింది. అదే ఆఖరు, ఇక దానికి విశ్రాంతి. పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఆ ఉరుము వినాల్సిన మనిషి వినకుండానే పోయారు.

ఆయన గుడియాత్తంలో మాకు ఫిజిక్స్ చెప్పిన దేవదానం సార్. మాది లుంగీలు నేసే వీధి. ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరం గుర్తుపట్టేవాళ్ళు వీధి మొత్తానికి ఒకరో ఇద్దరో. ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆయన తన తెలుగు బైబిలు ముందు పెట్టి నాకు దిద్దించినవే. మంచి మనిషి, కానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆ రాకెట్టు మొదటిసారి ఎగిరిన నాటి నుంచి దాని ఫొటో పేపర్లో ఎక్కడ కనబడినా కత్తిరించి తరగతి గోడకు అంటించేవారు. పేపర్లో లేని సంగతుల కోసం బస్సెక్కి వేలూరు ఇంటర్నెట్ సెంటరుకు పోయేవారు. మా అన్న మురళి ఒకసారి అడిగేశాడు. “మన రాకెట్టు ఉండంగా జపానుదాని మీద ఏం మోజు సార్?”

“మనింటి బిడ్డని అందరూ చూస్తారప్పా. పక్కింటి బిడ్డ నడిస్తే చూసేవాళ్ళు ఒకరన్నా ఉండొద్దా?”

అన్నంటే ఆయనకు ప్రాణం. వీడు మగ్గం ఎక్కడు, ఇంజనీరవుతాడు అని వీధంతా చాటేవారు. అన్న ప్లస్ టూలో ఉండగా ఆ రాకెట్టు ఆరోసారి ఎగిరింది. మండిపోయాక ఊడిపడాల్సిన రెండు పెద్ద బూస్టర్లలో ఒకటి ఊడలేదు. ఆ బరువుతో పైకి వేగం అందుకోలేకపోతే, కింద ఉన్నవాళ్ళే ఆజ్ఞ పంపి దాన్ని పేల్చేశారు. సార్ ఆ రోజు పాఠం చెప్పలేదు. ఇంటిలో చావు జరిగినట్టు కూర్చున్నారు. పిల్లలు నవ్వితే అన్న వాళ్ళ మీద విరుచుకుపడ్డాడు.

ఆ ఏడాది పరీక్షల్లో అన్న ఫిజిక్స్‌లోనే తప్పాడు. ఏ పాఠం సార్ నోట విని పెరిగాడో అదే పాఠంలో. బడి వరండాలో, అందరి ముందూ, సార్ వాణ్ణి తిట్టిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. “నా పేరు చెడిపినావు. నా మొగం చూడొద్దు, పో.” అన్న ఏడవలేదు, తలెత్తలేదు. ఆ వారమే ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు. వీధిలోకి వస్తే సార్ ఎదురు పడతారని పండక్కి కూడా వచ్చేవాడు కాదు. మా అమ్మ ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

ఏడాది కావస్తోంది. ఒక సాయంత్రం సార్ మా గడప దగ్గర నిలబడ్డారు, చేతిలో పేపరు. ఏడో రాకెట్టు ఎగిరింది, చక్కగా కక్ష్య చేరింది. ఆ మాట చెప్పడానికి వచ్చిన మనిషి ముఖంలో సంతోషం లేదు. మా నాయన మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఒకటి అప్పుడే అయిపోయింది. పడుగు అయిపోతే మేము దాన్ని చివరంటా నేసెయ్యం. దువ్వెనలాంటి పన్నెలో, పోగుల్ని ఎత్తిదించే అల్లులో ఉన్న కొసలు అట్లాగే వదిలిపెట్టి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా మెలితిప్పి అతుకుతాం. కొస లేకపోతే మగ్గం మళ్ళీ మొదటి నుంచి సర్దుకోవాల్సిందే. నాయన ఆ అతికే పనిలోనే ఉన్నాడు. సార్ చాలాసేపు ఆ చేతుల్నే చూశారు.

“పడుగు అయిపోయినా మీరు కొస పెడతారు మునస్వామీ. ఆ జపానువాళ్ళు పేల్చేసినదాన్ని కూడా యాడ తప్పు జరిగిందో వెతికి సరిచేసి ఎగరేసినారు. నేను మీవాడికి కొస కూడా మిగలకుండా కోసేస్తిని.”

నాయన పోగు వదల్లేదు. “వాడు ఆంబూరులో ఉండాడు సార్. అది చంద్రమండలం కాదు గదా. పోయి చెప్పండి.”

మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని పోయారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబడ్డాం. షిఫ్టు వదిలారు. అన్న మమ్మల్ని చూశాడు, చూసీ నడక ఆపలేదు. సార్ వెంట పరుగెత్తినంత పని చేశారు. “మురళీ, తప్పు నాది. రేపు బడికి రాప్పా. మళ్ళీ రాద్దాం పరీక్ష.”

అన్న తిరిగాడు. “ఆ రేపు అనే మాట ఆ పొద్దు అనుంటే వచ్చుంటిని సార్.” అంతే, గుంపులో కలిసిపోయాడు.

తిరుగు బస్సులో నేను “మళ్ళీ పోదాం సార్” అంటే తల అడ్డంగా ఊపారు. “వద్దమ్మా. నలుగురిలో వాడికి ఇంకా తలవంపు. నేను చేసింది చాలు.”

ఆ తర్వాత ఆయన కోపం పోలేదు గానీ దాని తీరు మారింది. ఎంత తిట్టినా చివర “సరి, రేపు రా” అనకుండా ఏ పిల్లనీ పంపలేదు. ప్లస్ వన్‌లో నేనూ ఫిజిక్స్ తప్పాను. కాగితం చేతికిచ్చి బండబూతులొక్కటే తక్కువ అన్నట్టు తిట్టి, “రేపు రా, తప్పు యాడ ఉండాదో చూస్తాం” అన్నారు. పోయాను. ఆ రాకెట్టు చంద్రుడి దగ్గరికి, శుక్రుడి వైపు, గ్రహశకలం దాకా నౌకల్ని పంపిన ముచ్చట్లన్నీ ఆయన నోటే విన్నాను. ఈ రోజు కాట్పాడిలో నేనూ ఫిజిక్స్ పాఠం చెబుతున్నానంటే ఆ ఓర్పు వల్లే. ఆ ఓర్పు ఆయనకు మా అన్న వల్ల వచ్చింది. అన్న చదువు పోయి నా చదువు నిలిచింది. ఇది తలుచుకుంటే నాకు అన్నం సహించదు. ఆయన గుండెనొప్పితో పోయిన రోజు అన్న రాలేదు.

పొయ్యి తుడిచి అన్నకు ఫోను చేశాను. ఆఖరి రాకెట్టు సంగతి చెప్పబోతే, “చూసినాను. ప్రతిదీ చూస్తానే ఉండాను,” అన్నాడు. ఏడోది ఎగిరిన వార్త కూడా ఆ రోజే పేపర్లో చదివాడట. సార్ గేటు దగ్గరికి ఎందుకొచ్చారో తెలుసట.

“తెలిసీ అట్ల మాట్లాడినావా అన్నా?”

“కోపంలో అంటిని. మర్నాడు మళ్ళీ వస్తాడనుకుంటిని పాపా. ఆ వారమంతా షిఫ్టు అయినాక గేటు కాడే నిలబడితిని.”

సార్‌కు ఈ మాట చేరలేదు. ఇక చేరదు. ఒక్క బస్సు దూరంలో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు.

సోమవారం తరగతిలో పరీక్ష కాగితాలు ఇచ్చాను. అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చిన అమ్మాయిని తిట్టి, రేపు రమ్మన్నాను. రాలేదు. బుధవారం కావేరిపాక్కం బస్సెక్కి వాళ్ళ ఇంటికి పోయాను. తలుపు తీయలేదు. గురువారం మళ్ళీ పోయాను.