అత్తగారి నోటికి తగిలిన చేదు

దెయ్యాలూ శకునాలూ అంటే నాకు నవ్వు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలో లేచిపోయి గిన్నెలు తోముకునే రకాన్ని. మరి ఇది జరిగింది నాకే.

ఎనభై ఎనిమిదిలో బర్మా సైనిక పాలన మీద జనం తిరగబడి, మేమున్న రంగూన్ అట్టుడికిపోతోంది. సంచౌంగ్ పేటలో మా వీధి చివరి నుంచే కాల్పులు వినిపించేవి. విశాఖపట్నంలో ఉన్న మా వాళ్లకి మేం బతికున్నామో లేదో కూడా తెలియదు. అప్పుడే నాకు కడుపు నొప్పి వస్తే స్కానింగ్ తీశారు. పిత్తాశయం గోడ దళసరి అయిందట. అది కాన్సర్ కాదు, భయం లేదన్నాడు డాక్టర్. నొప్పి కూడా తగ్గిపోయింది.

ఆ వారంలోనే మా అత్తగారు కంచం పక్కకి తోసేశారు.

"ఏటే, చేప కడిగినప్పుడు చేదు పగిలిపోనాదేటి?"

చేప కడుపులోని చేదు తిత్తి పగిలితే కూరంతా పాడవుతుంది, నిజమే. కానీ నేను ఆ రోజు వండింది పప్పు. మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు.

రోజూ అదే గొడవ. నన్ను సాధించడానికే అనుకుని ఒళ్లు మండి, ఓ పరీక్ష పెట్టాను. పక్కింటి బర్మా ఆవిడ డో ఖిన్ వండిన కూర నాదని చెప్పి వడ్డించాను. లొట్టలేసుకుంటూ తిన్నారు. మర్నాడు నా వంకాయ కూర పెట్టి, డో ఖిన్ పంపిందన్నాను. మొదటి ముద్దే ఉమ్మేశారు.

"ఈయమ్మకి కూడా చేప కడగడం రాదేటి?"

అప్పుడు నా చెయ్యి నా కడుపు మీదకి పోయింది. పిత్తాశయమంటే మనిషి కడుపులో ఉండే ఆ చేదు తిత్తే కదా.

తీసేయమని డాక్టర్ని పోరు పెట్టాను. ఆసుపత్రి సిబ్బందిలో సగం మంది లేరు, ఇప్పుడు అవసరం లేని కోత ఎందుకని ఆయన విసుక్కున్నాడు. దారిలో తూటా తగిలితే పిల్లలకి ఎవరు దిక్కని మా ఆయన ఏడ్చారు. చివరికి వీధులు కాస్త సద్దుమణిగిన రోజు చూసి ఆపరేషన్ చేయించుకున్నాను.

ఇంటికొచ్చాక మొదటిసారి చారు పెట్టాను. అత్తగారు మారుమాట లేకుండా తిన్నారు. తీసిన తిత్తిని పరీక్షకి పంపిన ల్యాబ్ నుంచి అప్పటికింకా ఏ కబురూ రాలేదు.

ఆ కబురు తర్వాత వచ్చింది. దళసరి గోడ మామూలుదే. కానీ అందులో ఒక మూల, కాన్సర్‌కి ముందు దశలో ఉన్న చిన్న కండ మొలిచిందట. వదిలేస్తే ముదిరేదట. స్కానింగ్‌లో కూడా కనిపించనిది నీకెలా అనుమానం వచ్చిందని డాక్టర్ అడిగాడు.

నేను ఇంటికెళ్లి అదే మాట అత్తగారిని అడిగాను.

"నాకేటి తెల్సు? చేదుగుంటే చేదన్నాను."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అదెలా జరిగిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఇప్పుడు ఇంట్లో ఏం వండినా అందరూ బాగుందనే అంటారు. అదే నాకు భయం.