జిగురు విడవని కవరు

1978 జూన్‌లో నన్ను హిందూపురం ప్రభుత్వాసుపత్రికి రేడియోగ్రాఫరుగా వేశారు. అంటే ఎక్స్‌రే తీసేవాడు. హోదాలో పెద్ద డాక్టరు పై మెట్టయితే, మేము వరండాలో పడుకునే కుక్కకు ఒక మెట్టు పైన. మా మిషను యుద్ధకాలం నాటిదనేవారు. ఏ యుద్ధమో ఎవరూ చెప్పలేదు, బహుశా కురుక్షేత్రం. దాన్ని ఆన్ చేస్తే పెనుకొండ దాకా బల్బులు మసకబారేవి.

మా పనికొక నియమం ఉంది. ఫిల్ము తీయడం, కడగడం, ఆరబెట్టడం మా వంతు. అందులో ఏముందో చెప్పడం డాక్టరు వంతు. మేము నోరు విప్పితే మెమో. దీనికి తోడు మా ఆసుపత్రికే సొంతమైన పద్ధతి ఇంకొకటి. రోగులు ఫిల్ము మీద వేలిముద్రలు వేస్తారని కవరు మూతికి జిగురు పూసి అంటించి, పైన ఊదా రంగు ముద్ర కొట్టేవాళ్లం. నేను అంటించింది ఏనుగులు లాగినా ఊడేది కాదు.

ఆ డిసెంబరులో ధర్మవరం నుంచి నారాయణప్ప వచ్చాడు. పట్టుచీరలు నేసేవాడు, నలభై ఏళ్లుంటాయి. నడుము నొప్పి, ఎడమ కాలు తిమ్మిరి. కూర్చోలేక ప్యాసింజరు బండిలో దారంతా నిలబడే వచ్చాడు. అంతకుముందు ఆదివారం వెన్నెముక సర్జనుకు చూపించుకుంటే, ఎక్స్‌రే తీయించుకు రమ్మని చీటీ రాశాడట. ఆ సర్జను నెలకు రెండు ఆదివారాలు బెంగుళూరు నుంచి మా ఊరి ప్రైవేటు నర్సింగ్‌హోముకు వచ్చేవాడు. ఆయన కారు ఎంత పొడుగంటే, ముందు చక్రాలు నర్సింగ్‌హోము చేరేసరికి వెనక చక్రాలు ఇంకా చిలమత్తూరులో ఉండేవి.

బల్ల మీద పడుకోబెడుతుంటే నారాయణప్ప అడిగింది ఒక్కటే. "సార్, కాలు నిలుస్తాదా? మగ్గం మీద పెండ్లి చీర సగంలో ఉండాది. మగ్గం కింద గుంతలో కూసోని కాళ్లతో తొక్కల్ల, చేతులుంటే చాలదు."

"అది డాక్టరు చెప్తాడప్పా. ఊపిరి బిగబట్టు" అన్నాను.

డార్క్‌రూములో తడి ఫిల్ము ఎత్తి చూశాక ఊపిరి బిగబట్టింది నేను. రెండు వెన్నుపూసల నడుమ ఉండాల్సిన సందు లేదు. వాటి అంచులు చెదలు తిన్న దూలాల్లా ఉన్నాయి. గోడ దూకే మేకకు చూపించినా ఆగి ఆలోచించేది. ఫిల్ములు చూసి చెప్పే మా డాక్టరమ్మ శిక్షణకని ఊరెళ్లింది. పైగా చీటీ రాసింది సర్జను కాబట్టి ఫిల్ము ఆయనకే పోవాలి. నియమం ప్రకారం నోరు మూసుకుని, జిగురు పూసి, ముద్ర కొట్టి, "డాక్టరు చేతిలోనే పెట్టు" అని కవరు ఇచ్చాను.

ఆరు వారాల తర్వాత నారాయణప్ప బామ్మర్ది భుజం మీద వాలి మళ్లీ వచ్చాడు. ఎడమ కాలు నేల మీద ఈడుస్తున్నాడు. చేతిలో అదే కవరు. నా ముద్ర చెక్కుచెదరలేదు.

"ఇది తెరవలేదేమప్పా?"

"సర్కారు ముద్ర సార్, నేనెట్ల చించేది? ఆయప్ప చేతిలోనే పెట్టినా. దాని మీద కాగితం పెట్టుకోని మాత్తర్లు రాసిచ్చినాడు. నేతోళ్లందరికీ ఇదే నొప్పి, గుంతలో కూసోవద్దు, కుర్చీలో కూసో అన్నాడు."

"కుర్చీలో కూర్చుని మగ్గమెట్ల నేస్తారో అడగలేదా?"

"అడిగేలోపల గంట కొట్టినాడు, ఇంకొకాయన్ని రమ్మని."

కవరును వెలుతురుకు ఏటవాలుగా పట్టాను. కలం ఒత్తిడికి మందుల పేర్లు దాని మీద అచ్చుపడి ఉన్నాయి. రోగం లోపల, మందు పైన, నడుమ నా జిగురు.

శిక్షణ ముగించుకుని వచ్చిన డాక్టరమ్మ కవరు చించి, ఒక్క చూపులో వెన్నెముకకు టీబీ అని తేల్చి, అప్పుడే వార్డులో చేర్చుకుంది. ఆరు వారాల ముందు వచ్చుంటే కాలు నిలిచేదేమో అంది. ఆరు వారాల ముందు వచ్చాడు, నా దగ్గరికే.

ఆ ఆదివారం ఫిల్ము పట్టుకుని నర్సింగ్‌హోముకు పోయాను. కవరెందుకు తెరవలేదని అడిగితే, నడక చూస్తేనే తనకు తెలిసిపోతుందన్నాడు సర్జను. మరి ఎక్స్‌రే ఎందుకు రాశారన్నాను. ఫిల్ము మీద పెట్టాల్సిన చూపంతా నా మీద పెట్టి, నువ్వెవరన్నాడు. చెప్పాను. "ఫోటోలు తీసేవాడివి. పోయి ఫోటోలు తీసుకో" అన్నాడు. ఆ క్షణాన నా ఒంటి వేడికి ఊరందరికీ స్నానానికి నీళ్లు కాగేవి. ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. వరండాలో కూర్చున్న రోగులంతా చూశారు. ఆయన చూడలేదు. గంట కొట్టాడు.

ఏడాది పైన ఇంజెక్షన్లు, నెలల తరబడి ఒంటికి పిండికట్టు. టీబీ పోయింది, కాలు రాలేదు. సగంలో ఆగిన చీరను నారాయణప్ప భార్య గుంతలో దిగి పూర్తి చేసింది. ఆయన గట్టు మీద కూర్చుని, అంతవరకూ ఆమె చేస్తున్న, కండెలకు దారం చుట్టే పనికి మారాడు. "ఆమె నేసేది నాకంటే గట్టిగుండాది సార్. కోపమంతా మగ్గం మీదనే తీర్చుకుంటాంది" అన్నాడు.

నేను నేర్చుకున్నది చిన్నదే. నోరు విప్పకూడదన్న నియమం మార్చడం నా చేతిలో లేదు, జిగురు నా చేతిలో ఉంది. ఆ తర్వాత నా సర్వీసులో ఒక్క కవరు కూడా అంటించలేదు. ఫిల్మును సగం బయటికి లాగి ఇచ్చేవాణ్ణి. అందుకు రెండు మెమోలు వచ్చాయి. వాటిని కవర్లో పెట్టి అంటించాను.